చైనా పిన్నిగారికి ‘టేక్’ నేర్పడం ఎలా?

మాత్రల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘టేక్... వేర్?’

డబ్బా మీద ‘టేక్ వన్ టాబ్లెట్ బై మౌత్ ట్వైస్ డైలీ’ అని ఉంది. ఆవిడ ఫోన్‌లో ‘టేక్’ అన్న ఒక్క మాటే కొట్టి చూసుకున్నారు. మొదటి అర్థం ‘నా’ అని వచ్చింది. చైనీస్‌లో ‘నా’ అంటే చేత్తో పట్టుకోవడం, చేతిలోకి తీసుకోవడం. రోజుకు రెండుసార్లు ఒక మాత్ర చేత్తో పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి? అడగడంలో తప్పేముంది!

న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీలో శనివారం పొద్దున ఇంగ్లీష్ మాట్లాడించే క్లాసు ఒకటి జరుగుతుంది. ఫీజు లేదు, నేర్పేవాళ్ళందరం వాలంటీర్లమే. వచ్చేవాళ్ళలో సగానికి సగం చైనా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు. మనవలను చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చిన మన అమ్మమ్మలూ తాతయ్యలూ నలుగురైదుగురు ఉంటారు. ఆ డబ్బా తెచ్చినావిడను మేమందరం ‘ఆయీ’ అంటాం. చైనీస్‌లో పెద్దావిడను అలాగే పిలుస్తారు. అందులో ‘యీ’ అంటే అమ్మ తోడబుట్టినావిడ, అంటే మన లెక్కలో పిన్నిగారే. ఆవిడ పక్కన కూర్చునే గుంటూరు బాబాయిగారు వెంటనే సాయానికి వచ్చారు: ‘నో నో, పుట్ టాబ్లెట్! మార్నింగ్ వన్ పుట్, నైట్ వన్ పుట్!’ మాత్ర వేసుకోవాలని ఆయన చెప్పబోయింది. ఆయీ బుద్ధిగా ఒక మాత్ర తీసి బల్ల మీద పెట్టారు.

ఆ రోజు నుంచి ‘టేక్’ మీద నేను చాలా శనివారాలు ఖర్చుపెట్టాను. మీ పక్కింట్లోనో, ఆఫీసులోనో, మీ అమ్మానాన్నలు వాకింగ్‌కు వెళ్ళే పార్కులోనో ఇంగ్లీష్ నేర్చుకుంటున్న చైనా వాళ్ళు ఉంటే, ఈ ఒక్క మాట ఎలా నేర్పాలో నాకు తెలిసినంతలో చెబుతాను. ఇది పెద్దవాళ్ళకు ఎదురుగా కూర్చుని నేర్పే పద్ధతి. చైనాలో ఉన్న బడిపిల్లలకు ట్యూషన్ కంపెనీల తరఫున విదేశాల నుంచి ఆన్‌లైన్ పాఠాలు చెప్పడాన్ని అక్కడి ప్రభుత్వం 2021లో ఆపేసింది కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు.

కింద రాసిన చైనీస్ మాటలన్నీ తెలుగు లిపిలో ఇంచుమించుగా పలికేవే. అక్కడ ఒకే అక్షరాన్ని నాలుగు రాగాల్లో పలికితే నాలుగు అర్థాలొస్తాయి. మన లిపిలో ఆ రాగాలు రావు. అయినా సిగ్గుపడకుండా చదివి వినిపించండి. వాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత సరిచేస్తారు. తప్పులు పలకడం మాస్టారే మొదలుపెడితే మిగతావాళ్ళకు టెన్షన్ పోతుంది.

1. డిక్షనరీ మూసి, ‘దా’ తో మొదలుపెట్టండి

‘టేక్‌కు ఇన్ని అర్థాలున్నాయి, రాసుకోండి’ అని మాత్రం మొదలుపెట్టకండి. నేను మొదటి వారం అదే చేశాను. బోర్డు మీద పద్దెనిమిది అర్థాలు రాశాను. అందరూ శ్రద్ధగా ఫోటో తీసుకున్నారు. మరుసటి వారానికి ఒక్కటి కూడా ఎవరికీ గుర్తులేదు.

దానికి బదులు వాళ్ళ భాషలోని ‘దా’ గురించి అడగండి. ‘దా’ అంటే కొట్టడం. కానీ ఫోన్ చేయడం ‘దా ద్యాన్‌హ్వా’. గొడుగు వేసుకోవడం ‘దా సాన్’. టాక్సీ పిలవడం ‘దా ఛ’. ఇంజెక్షన్ చేయడం ‘దా జన్’. ఆఖరికి స్వెట్టర్ అల్లడానికీ ‘దా’ నే. ‘ఫోన్‌ను కొడతారా, గొడుగును కొడతారా?’ అని అమాయకంగా మొహం పెట్టి అడగండి. క్లాసంతా నవ్వుతుంది. అప్పటిదాకా వాళ్ళకే ఆ సంగతి తట్టి ఉండదు.

మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మనమూ ఫోన్ కొడతాం. ఈత కొడతాం, కన్ను కొడతాం, గోడకు రంగు కొడతాం, బండిలో పెట్రోలు కొట్టిస్తాం, సినిమా బోరు కొట్టిందంటాం. ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు. ‘కొట్టు’ అన్న మాట బరువంతా పక్కనున్న మాట మీద పడేసి తాను ఊరికే నిలబడుతుంది. ఇంగ్లీష్‌లో ‘టేక్’ చేసేదీ అదే.

ఒక కాగితం మధ్యలో వాళ్ళ లిపిలో ‘దా’ రాయమనండి. చుట్టూ దానితో వచ్చే మాటలు వాళ్ళనే రాయమనండి. పది నిమిషాల్లో కాగితం నిండిపోతుంది. రెండో కాగితం మధ్యలో ‘టేక్’ రాసి పక్కన పెట్టండి. దాన్ని ఖాళీగానే ఉంచండి, వారం వారం నింపుకోవచ్చు.

ఎవరైనా కుతూహలంగా అడిగితే ఒక ముచ్చట చెప్పొచ్చు. ‘టేక్’ అసలు ఇంగ్లీష్ పుట్టింటి మాట కాదు. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండు మీద పడి అక్కడే స్థిరపడిన వైకింగుల భాషలోని ‘తాకా’ నుంచి వచ్చింది. అంతకుముందు ఇంగ్లీష్‌వాళ్ళు ‘నిమన్’ అనేవారు. ఆ పాత మాట జాడ ఇప్పుడు తిమ్మిరిని చెప్పే ‘నమ్’ లో మిగిలింది. మన ‘తాకు’ తో చుట్టరికం మాత్రం లేదు, పేరు కలిసిందంతే.

2. వస్తువు చేతికిచ్చి, ‘లాయ్’, ‘చ్యూ’ వాడండి

ఇప్పుడు అసలు అర్థం. బల్ల మీద బిస్కెట్ ప్లేటు పెట్టండి. ‘టేక్ వన్’ అనండి. తీసుకుంటారు. ఇది ‘నా’. ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది ‘టేక్’, ‘బ్రింగ్’ పక్కపక్కన వచ్చినప్పుడు మొదలవుతుంది. చైనీస్‌లో రెండింటికీ ‘దాయ్’ ఒక్కటే. అందుకే ‘టేక్ మీ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్’ అంటారు. చాలామంది టీచర్లు ఇక్కడ దూరం, దగ్గర అని బాణం గుర్తులు వేసి అవస్థ పడతారు. మనకు అంత అవసరం లేదు. మనం ‘తీసుకురా’, ‘తీసుకెళ్ళు’ అంటాం కదా. వాళ్ళూ సరిగ్గా అలాగే ‘దాయ్ లాయ్’, ‘దాయ్ చ్యూ’ అంటారు. ‘లాయ్’ అంటే రావడం, ‘చ్యూ’ అంటే వెళ్ళడం. ‘దాయ్ లాయ్’ బ్రింగ్, ‘దాయ్ చ్యూ’ టేక్. ఈ ఒక్క ముక్క చెప్పగానే ఆయీ కళ్ళు మెరిశాయి. ఇంగ్లీష్ మాత్రమే తెలిసిన టీచరుకు ఇది తట్టడం కష్టం. తెలుగువాళ్ళం కాబట్టి మనకు కలిసొచ్చింది.

ఒక మడతపేచీ ఉంది. ఫోన్‌లో మనం ‘రేపు మీ ఇంటికి వస్తాను’ అంటాం. ఇంగ్లీష్‌వాళ్ళూ ‘కమ్’ అంటారు. చైనా వాళ్ళు మాత్రం ఎక్కువగా ‘మీ ఇంటికి వెళ్తాను’ అంటారు. అందుకే ‘ఐ విల్ గో టు యువర్ హోమ్ అండ్ టేక్ సమ్ ఫ్రూట్’ అని వస్తుంది. వినేవాళ్ళకు ఆవిడ ఇంట్లోని పండ్లు పట్టుకుపోయేలా ఉన్నారనిపిస్తుంది. ఎదుటివాళ్ళ ఇంటికి వెళ్ళేటప్పుడు ‘కమ్’, ‘బ్రింగ్’ అని ఇద్దరిద్దరిని ఫోన్ మాట్లాడుకుంటున్నట్టు కూర్చోబెట్టి చెప్పించండి. ఒకసారితో రాదు. నాలుగైదు వారాలు పడుతుంది.

3. మాత్రల డబ్బా ముందు పెట్టుకోండి

దీనికి ఒక క్లాసు మొత్తం ఇవ్వండి. మిగతా అర్థాలు తప్పితే నవ్వుకుంటాం. ఇది తప్పితే ఆసుపత్రే.

చైనీస్‌లో మందును తింటారు: ‘ఛర్ యావ్’. మాత్రకైనా టానిక్‌కైనా మామూలుగా అదే మాట. అందుకే ‘ఐ ఈట్ మెడిసిన్’ అంటారు. మనమేమో మాత్ర వేసుకుంటాం, టానిక్ తాగుతాం. ‘మందేసుకున్నా’ అంటే మన దగ్గర అర్థమే మారిపోతుంది, అది బాబాయిగారు క్లాసులో ఆయీకి వివరించబోతే నేనే ఆపాను. అంటే ముగ్గురివీ మూడు దారులు. ఇంగ్లీష్ తీసుకుంటుంది, చైనీస్ తింటుంది, తెలుగు వేసుకుంటుంది. ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. ‘మీ భాష తప్పు కాదు, ఎవరి దారి వాళ్ళది’ అని చెప్పినట్టవుతుంది.

ఇంకో చిక్కుంది. ‘యావ్’ అన్న మాట మందుకూ చెల్లుతుంది, ‘డ్రగ్’ కూ చెల్లుతుంది. మా క్లాసులో ఒకాయన బీపీ గురించి చెబుతూ ‘ఐ టేక్ డ్రగ్స్ ఎవ్రీ డే’ అన్నారు. వ్యాకరణం నూటికి నూరు పాళ్ళు కరెక్టే. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ల ముందు అలా అనకుండా ‘మెడిసిన్’ అని నాలుకకు పట్టేదాకా చెప్పించండి.

తర్వాత ఖాళీ మాత్రల డబ్బాలు తెమ్మనండి. పేరూ వివరాలూ ఉన్న ముక్క వరకు చింపేసి డబ్బా తెమ్మని ముందే చెప్పాలి. డబ్బాల మీద ఎక్కువగా కనిపించే మాటలు నాలుగే: ‘టేక్ బై మౌత్’, ‘టేక్ విత్ ఫుడ్’, ‘టేక్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్’, ‘టేక్ యాజ్ నీడెడ్’. నోటితో మింగమని, అన్నంతోపాటు వేసుకోమని, పరగడుపున వేసుకోమని, అవసరమైతేనే వేసుకోమని. మొదటి మూడూ బొమ్మలు గీసి చెప్పొచ్చు. నాలుగోదానికి మాత్రం నటించాలి. నేను తలనొప్పి వచ్చినట్టు తల పట్టుకుంటాను, తగ్గినట్టు నవ్వుతాను. తగ్గాక మాత్ర చేతిలో పెడితే వద్దని తోసేయాలి. మా వాళ్ళు బాగానే తోస్తారు.

ఇదే ఊపులో ‘టేక్ యువర్ టెంపరేచర్’ కూడా చెప్పేయండి. వాళ్ళు ‘ల్యాంగ్’ అంటారు, అంటే కొలవడం. మనం జ్వరం చూస్తాం. నర్సు వచ్చి ‘ఐ విల్ టేక్ యువర్ బ్లడ్ ప్రెషర్’ అంటే బీపీ తీసేసుకుని ఎక్కడికి పోతుందని ఆయీ అడిగారు. పోతే మంచిదే కదా అని బాబాయిగారు. అంకెల విషయం మర్చిపోకండి. చైనాలో జ్వరం సెల్సియస్‌లో చూస్తారు. మనకు ఇంట్లో ఫారెన్‌హీట్ అలవాటు, అమెరికాలోనూ అదే. వాళ్ళ 38.5 మన 101.3. ఆ రెండంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి ఫ్రిజ్‌కు అంటించుకోమనండి.

4. బస్సు, ఫోటో, పరీక్ష

ఇక్కడ కార్డులు వాడండి. ఒకవైపు బొమ్మ. వెనక వాళ్ళు తమ భాషలో ఏమంటారో వాళ్ళ చేతే రాయించాలి, కింద ‘టేక్’ తో ఇంగ్లీష్ మాట. అర్థం మీరు రాసివ్వకండి. వాళ్ళు రాసుకున్నదే గుర్తుంటుంది.

బస్సు కార్డు వెనక ‘జ్వో’ వస్తుంది, అంటే కూర్చోవడం. ‘ఐ సిట్ బస్’ అన్న మాట అక్కడిదే. నిలబడి వెళ్ళినా కూర్చున్నట్టే. మనం బస్సు ఎక్కుతాం. ఇంగ్లీష్‌లో బస్సు, రైలు, టాక్సీ అన్నింటికీ ‘టేక్’. రైలును వాళ్ళు ‘హ్వో ఛ’ అంటారు, నిప్పు బండి. మన ముత్తాతలు పొగబండి అన్నారు. నిప్పు వాళ్ళు చూశారు, పొగ మనం చూశాం.

ఫోటోకు ‘ఫాయ్ జావ్’. ‘ఫాయ్’ అంటే తట్టడం. ఇక్కడ పెద్దగా తప్పులు రావు. వచ్చేదల్లా తీసేవాళ్ళెవరు, దిగేవాళ్ళెవరన్న గందరగోళం. ‘ఐ టుక్ ఎ ఫోటో ఎట్ నయాగరా’ అంటే మీరు తీశారా, మిమ్మల్ని తీశారా? మనం ‘ఫోటో దిగాను’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం, ఇంగ్లీష్‌కు ఆ వైభోగం లేదు.

పరీక్ష దగ్గర మనమూ జాగ్రత్తగా ఉండాలి. మనం పరీక్ష రాస్తాం కాబట్టి ‘రైట్ ఎగ్జామ్’ అంటాం. వాళ్ళు పరీక్షలో పాల్గొంటాం అన్నట్టు ‘జాయిన్ ది ఎగ్జామ్’ అంటారు. అమెరికాలో రెండూ చెల్లవు, ‘టేక్’ అనాలి. ఆఫీసులో కలిసే చైనా కుర్రవాళ్ళకు ఇవన్నీ కాగితం మీద వచ్చే ఉంటాయి. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష ‘గావ్ ఖావ్’ లో చాలాచోట్ల మొత్తం 750 మార్కులకు ఇంగ్లీష్ ఒక్కటే 150. ‘టేక్ పార్ట్ ఇన్’, ‘టేక్ ప్లేస్’ వాళ్ళకు కంఠస్థం. మాట్లాడేటప్పుడే ‘సిట్ బస్’ బయటికొస్తుంది. వాళ్ళకు పాఠం చెప్పకండి, కబుర్లు చెప్పించండి. ఒక్కటి మాత్రం సరిచేయండి: ‘ది మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని రాస్తారు. ‘టుక్ ప్లేస్’ చాలు.

5. ‘టేక్ ఎ లుక్’: ఓసారి అనడం

నాకు ఈ పాఠమంతటిలో ఇష్టమైన భాగం ఇదే. ‘లుక్’ అనొచ్చు కదా, ‘టేక్ ఎ లుక్’ ఎందుకు? ‘రెస్ట్’ అనొచ్చు కదా, ‘టేక్ ఎ రెస్ట్’ ఎందుకు?

వాళ్ళ భాషలోనే జవాబుంది. ‘చూడు’ అంటే ‘ఖాన్’. కానీ మెత్తగా చెప్పాలంటే ‘ఖాన్ యి ఖాన్’ అంటారు, చూడు ఒకటి చూడు అన్నట్టు. మనం ‘ఓసారి చూడండి’ అంటాం. ‘ఓసారి’ అన్నందుకు లెక్కేసి ఒక్కసారే చూడాలని కాదు, మాట మెత్తబడాలని. ‘టేక్ ఎ లుక్’ లోని ‘ఎ’ చేసే పని అదే. స్నానం చేయడానికి వాళ్ళు ‘శీ జావ్’ అంటారు. దాన్ని మధ్యకు విరిచి ‘శీ గ జావ్’ అని కూడా అంటారు, ‘టేక్ ఎ షవర్’ కు అచ్చు గుద్దినట్టు.

కాబట్టి ‘ఖాన్ యి ఖాన్’, ‘శీ గ జావ్’ లాంటివి ఎదురైనప్పుడల్లా ‘టేక్ ఎ’ ప్రయత్నించమనండి. లుక్, షవర్, వాక్, న్యాప్, బ్రేక్ అన్నీ వస్తాయి. ‘టేక్ ఎ టాక్’ రాదు, అక్కడ ‘హావ్’. ఎందుకు అని అడిగితే ‘దా’ కాగితం చూపించండి. గొడుగునెందుకు కొడతారో వాళ్ళు చెప్పాక మీరూ చెబుతానని అనండి.

6. ఎంతసేపు పట్టింది?

ప్రతి క్లాసూ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి: ‘హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్ టు గెట్ హియర్?’ జవాబుగా ‘ఇట్ టుక్ మీ ట్వంటీ మినిట్స్’ అని మొత్తం వాక్యం రావాలి. ముక్కలు చేసి వ్యాకరణం చెప్పకండి, గుటుక్కున మింగించేయండి.

ఇది మనకు సులువు. ‘నాకు 20 నిమిషాలు పట్టింది’ అంటాం. పట్టడమూ టేకే. ‘నాకు’ అన్నది ‘మీ’ కు సరిపోతుంది. చైనీస్‌లో కాలం మనిషిని పట్టదు, మనిషే కాలాన్ని ఖర్చుపెడతాడు: ‘హ్వా’. అందుకే వాళ్ళ నోట ‘ఐ స్పెంట్ ట్వంటీ మినిట్స్ టు కమ్’, ఇంకా చిక్కుబడితే ‘ఇట్ స్పెంట్ మీ’ అని వస్తుంది. డబ్బు ఖర్చు, కాలం ఖర్చు ‘స్పెండ్’. పని మనల్ని పట్టి కూర్చోబెడితే ‘టేక్’. పట్టుకోవడాన్ని చేత్తో చూపించండి: పక్కవాళ్ళ మణికట్టు పట్టుకుని గడియారం చూడటం. అనుమతి అడిగి పట్టుకోండి.

7. నా తప్పు, మీరు చేయొద్దు

ఒక శనివారం క్లాసు చివర ‘నెక్స్ట్ వీక్ ఐ విల్ నాట్ టేక్ ది క్లాస్’ అన్నాను. వచ్చే వారం వేరే వాలంటీరు పాఠం చెబుతారని నా భావం. మనకు చిన్నప్పటి నుంచీ సార్లు క్లాసు తీసుకుంటారు కదా! మూడో వరసలో కూర్చునే ఒకాయన దగ్గరికొచ్చి, మీరు కూడా ఎక్కడో చదువుకుంటున్నారా, కష్టంగా ఉండి మానేస్తున్నారా అని జాలిగా అడిగారు. అమెరికాలో క్లాసు ‘టేక్’ చేసేది విద్యార్థి. టీచరు ‘టీచ్’ చేస్తారు.

విచిత్రమేమిటంటే, చైనీస్‌లో పాఠం వినడాన్నీ చెప్పడాన్నీ ‘షాంగ్ ఖ’ అనే అంటారు. అంటే ఈ విషయంలో వాళ్ళూ మనమూ ఒక జట్టు, అమెరికా ఒక జట్టు. మన ఇంగ్లీష్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హోటల్ నుంచి తెచ్చుకునేదాన్ని ‘పార్సిల్’ అంటాం. ఇక్కడ అది ‘టేకౌట్’. తినగా మిగిలింది కట్టించుకోవడానికి వాళ్ళు ‘దా బావ్’ అంటారు, మళ్ళీ అదే ‘దా’. నేర్పేముందు రాత్రి మీ ‘టేక్’ జాబితాను ఒక మంచి డిక్షనరీలో సరిచూసుకోండి. మన తప్పులు వాళ్ళకు అంటగట్టడం న్యాయం కాదు.

8. పలకడం

మొదటి ధ్వనిలో వాళ్ళే మనకన్నా నయం. ఇంగ్లీష్ ‘టేక్’ లో మొదటి అక్షరానికి కొంచెం గాలి తోడవుతుంది. చైనీస్‌లో గాలి ఉన్న ధ్వని, లేని ధ్వని వేరువేరు. మన నిండైన ‘ట’ లో గాలి లేదు కాబట్టి వాళ్ళకది ‘డేక్’ లా వినిపిస్తుంది. నోటి ముందు సన్నని కాగితం పట్టుకుని ‘టేక్’ అనండి, కాగితం కదలాలి. ఈ పరీక్షలో ఆయీ పాసయ్యారు, నేను రెండుసార్లు ఫెయిలయ్యాను.

చివరి ‘క్’ దగ్గర అందరం సమానమే. వాళ్ళ ప్రామాణిక భాషలో మాటలు అచ్చుతోనో ముక్కుతో పలికే ‘న్’, ‘ంగ్’ లతోనో ముగుస్తాయి, బీజింగ్ వైపు ‘ర్’ కూడా వినిపిస్తుంది. ‘క్’ తో ఆగవు. అందుకే ‘థేయ్’ అని వదిలేస్తారు, లేదా ‘థేయ్‌ఖ’ అని తోక తగిలిస్తారు. మనమూ తక్కువ తినలేదు: బస్సు, కారు, టేకు. టేకంటే మనకు కలప కూడాను. హాంకాంగ్, గ్వాంగ్‌జౌ వైపు నుంచి వచ్చి కాంటనీస్ మాట్లాడేవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళ భాషలో ‘క్’ తో ఆగే మాటలున్నాయి.

దీనికి మందు సంధి. ‘టేక్’ ను ఒంటరిగా పలికించకండి. ‘టేకిట్’, ‘టేకె బస్’, ‘టేకాఫ్’ అని పక్క అచ్చుతో కలిపేయండి. చిన్నప్పుడు రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే. అప్పుడు ‘క్’ చివర్లో ఉండదు, సమస్యా ఉండదు.

ఇక ‘టుక్’. చైనీస్‌లో క్రియ రూపం మారదు. నిన్నైనా రేపైనా అదే మాట. ‘ల’ అని చివర చేరుస్తారు గానీ అది భూతకాలమని మీరు చెప్పేయకండి. పిలిస్తే గదిలోంచి ‘లాయ్ ల’ అని అరుస్తారు, ఇంకా రాలేదు! మనమూ ఇంటి దగ్గరే ఉండి ఫోన్‌లో ‘వచ్చేశా’ అంటాం కదా, అలాంటిదన్నమాట. కాబట్టి ‘యెస్టర్‌డే ఐ టేక్’ అన్నప్పుడు ఆపకండి. వాక్యం పూర్తయ్యాక ‘ఓ, యూ టుక్ ద బస్?’ అని మీరు సరైన మాటతో తిరిగి అడగండి. ‘యెస్, టుక్’ అంటారు. అలా వందసార్లు.

9. గుమ్మం దగ్గర ‘టేక్ ఆఫ్’

‘ఆఫ్’, ‘ఔట్’, ‘ఓవర్’, ‘ఆఫ్టర్’ తోకలన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ‘టేక్ ఆఫ్’ ఒక్కటీ చాలు. చైనాలో చాలా ఇళ్ళలో మనలాగే గుమ్మం దగ్గర చెప్పులు వదులుతారు, కాబట్టి సందర్భం వివరించే పనిలేదు. చెప్పులకూ చొక్కాకూ వాళ్ళు ‘థ్వో’ అంటారు. కళ్ళజోడుకూ టోపీకీ ‘జాయ్’. మనకూ అంతే: చెప్పులు విప్పుతాం, కళ్ళజోడు తీస్తాం. అన్నీ ‘టేక్ ఆఫ్’ అని చెబితే చాలు, రెండు మాటలు ఒకటయ్యాయని సంతోషిస్తారు. విమానం పైకి లేవడానికీ అదే మాటని మీరు చెప్పకముందే ఎవరో ఒకరు చెబుతారు, అందరూ విమానంలోనే వచ్చారు మరి.

‘టేక్ ఆఫ్టర్’ ను, అంటే ఫలానావాళ్ళ పోలిక రావడాన్ని, మాత్రం మనవల ఫోటోలు చూపించుకునే రోజుకు దాచండి. ఆ రోజు ఎలాగూ పాఠం జరగదు.

క్లాసు ముగిసేటప్పుడు ‘టేక్ కేర్’ చెప్పించండి. వెళ్ళేవాళ్ళతో చైనాలో ‘మాన్ జోవ్’ అంటారు, మెల్లగా నడవండి అని. మన ‘జాగ్రత్తగా వెళ్ళిరండి’ లాంటిదే. ఆయీ ఇప్పుడు తలుపు దగ్గర ఆగి, రెండూ కలిపి ‘టేకే కేర్, మాన్ జోవ్’ అంటున్నారు. ‘టేకే’ ఏమిటని అడిగాను. మీరే కదా ‘టేకె బస్’, ‘టేకె లుక్’ అన్నారు అని నిలదీశారు. వచ్చే శనివారం దాని సంగతి చూడాలి.